మెయిన్ దించాను

మార్చి 9, ఆదివారం

ఈ డైరీ నా మనవరాలు నిషితకు ఆఫీసులో ఇచ్చారట. నాకు తెచ్చి ఇచ్చింది. నానమ్మకు ఆయాసం ఎప్పుడు ఎక్కువవుతుందో రాసిపెట్టు తాతా, డాక్టరుకు చూపిద్దాం అన్నది. సరే అన్నాను. డాక్టరుకు చూపించను. నేను రాసేది నేను చూసుకోవడానికే.

నాకు వచ్చిన అక్షరాలు రాత్రిబడివి. పేపరు చదివి చదివి వాటిని నిలబెట్టుకున్నాను. అందుకే రాయబోతే పేపరు భాషే వస్తుంది. నోటితో అన్నట్టు రాయబోతే చెయ్యి తడబడుతుంది.

దేవమ్మ ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. కట్టెల పొయ్యి పొగ అని డాక్టరు అంటాడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల దిక్కునుంచి వచ్చే గాలి అని నేను అంటాను. నీ బీడీలు అని ఆమె అంటుంది. ఎవరి మాట నిజమైనా మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ నడుస్తూ ఉండాలి. అది కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోతే ఆగుతుంది. చిన్న సిలిండర్ ఒకటి ఉంది గానీ అది కాసేపే.

నిన్న రెండుసార్లు పోయింది.

మార్చి 12

పేపర్లో వచ్చింది. ఎండతో తీసే కరెంటు మధ్యాహ్నం పూట మిగిలిపోతోందట. వాడుకునేవాళ్లు లేక కొన్నిచోట్ల తీయడం ఆపమంటున్నారట. ఆ వార్త చదువుతుంటేనే ఇంట్లో ఫ్యాను ఆగింది. మిషన్ కుయ్యిమని అరిచి ఆగింది. మిట్టమధ్యాహ్నం.

సిలిండర్ పెట్టాను. అదే పేపరు మడిచి దేవమ్మకు విసిరాను. ఏం రాసిండ్రు పేపర్ల అని అడిగింది. ఏం లేదు అన్నాను.

మార్చి 16, ఆదివారం

నిషిత వచ్చింది. నా మనవరాలి ఉద్యోగమే కరెంటు లెక్కలు. రేపు ఏ వేళకు ఎంత కావాలి, పదేళ్ల తర్వాత ఎంత కావాలి, బొగ్గుతో ఎంత, నీళ్లతో ఎంత, ఎండతో ఎంత, అణువుతో ఎంత అని హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని లెక్క కడతారు. ఊళ్లో అందరికీ నేనే చెప్పాను, మా పిల్ల దేశానికి కరెంటు లెక్క కడుతుందని. ఇప్పుడు కరెంటు పోయినప్పుడల్లా నా మొహం చూస్తున్నారు.

అదే అడిగాను. ఆ పిల్ల తడుముకోకుండా చెప్పింది.

"దేశంల కరువు లేదు తాతా. మన ట్రాన్స్‌ఫార్మర్ కాడ కరువు. పైన ఎంత తీస్తే ఏంది, కిందికొచ్చే తొవ్వ సన్నగున్నది."

"దేశానికి లెక్క కడతవు గదా. మీ నానమ్మకు గూడ కట్టు."

డాబా దిక్కు చూసింది. తర్వాత డాబా మీద సోలార్ పలకలు పెట్టిద్దాం, దానితోపాటు బ్యాటరీ కూడా అన్నది. వద్దన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. నిజానికి నాకూ తెలియదు. ఎండతో మిషన్ నడవడం ఏమిటి అనిపించింది.

ఇంకో మాట కూడా చెప్పింది. ముందుముందు మోటార్లకు కరెంటు అంతా పగలే ఇస్తారట, ఎండ కరెంటు అప్పుడే ఉంటుంది కాబట్టి. నా వయసంతా రాత్రి కరెంటే. స్టార్టర్ డబ్బా పక్కన గొంగడి పరుచుకుని పడుకున్నాను. పాముల మధ్య నీళ్లు కట్టాను. ఇప్పుడు పగలు ఇస్తారట. మోకాళ్లు పోయాక.

మార్చి 18

గ్రామ పంచాయతీ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ సంగతి మాట్లాడటానికి కూడాము. అది మా బోరు మోటార్లకు, నాలుగు ఇండ్లకు వేసింది. ఇప్పుడు దాని మీద హాస్టళ్లు పడ్డాయి. రుద్రారం యూనివర్సిటీ పిల్లలకు మా ఊరి దాకా హాస్టళ్లు కట్టారు. మా లైనులో ఉన్నది రామలింగేశ్వరరావుది. గోదావరి దిక్కు మనిషి, సర్కారు ఫ్యాక్టరీలో పనికి వచ్చి ఇక్కడే రిటైరై హాస్టల్ కట్టాడు. గదిగదికీ ఏసీ.

అందరి ముందు చెప్పాను, రావు సాబ్, మీ ఏసీలు మా ముసలిదాని గాలి తాగుతున్నాయి అని.

ఆయనకు కోపం రాలేదు. అదే నాకు మండింది. నెమ్మదిగా అన్నాడు. "పెంటయ్యగారూ, మాకు పెద్ద జనరేటరుందండి. కరెంటు పోయినప్పుడల్లా అమ్మగారిని మా హాస్టల్‌కి తీసుకొచ్చేయండి. ప్లగ్గు పెట్టుకుంటే సరిపోద్ది."

ఇంట్లో మంచముండగా నా భార్య హాస్టల్‌లో కూర్చుంటుందా? ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వస్తుందట. ఎప్పుడు అంటే కాగితం పై ఆఫీసుకు పోయింది అన్నారు.

మార్చి 30. ఉగాది

పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైంది. పొద్దంతా కరెంటు ఉంది. దేవమ్మ నవ్వింది.

ఏప్రిల్ 6, ఆదివారం

సోలార్‌కు ఒప్పుకున్నాను. ఎవరూ ఒప్పించలేదు, నేనే ఆలోచించాను. కరెంటు పోయేది ఎక్కువగా పగలు. ఎండ ఉండేది పగలు. ఇంకేం కావాలి.

నిషిత బ్యాటరీ కూడా ఉండాలని పట్టుబట్టింది. లేకపోతే లాభం లేదని ఏదో చెప్పబోయింది. నేను చెప్పనియ్యలేదు. ఇంట్లో ఇంతకుముందు ఇన్వర్టర్ బ్యాటరీ ఉండేది. సరిగ్గా అవసరం పడ్డ రోజు పొట్ట ఉబ్బి చచ్చింది. నిల్వ పెట్టిన కరెంటు అంటే నాకు నమ్మకం లేదు. బోరు నీళ్లు వచ్చినవి వచ్చినట్టు మడిలోకి పోవాలి. ఇదీ అంతే.

"నేను మూడు ఫేజుల మోటార్ నడిపినోన్ని. నాకు కరెంటు నేర్పుతవా?"

ఆ పిల్ల తన నాయన దిక్కు చూసింది. నా కొడుకు మల్లేష్ మందుల ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటున్నాడు. తల ఎత్తలేదు. వానికి తెలుసు, నాతో పెట్టుకుంటే అన్నం చల్లారుతుందని.

ఏప్రిల్ 17

పలకలు బిగించారు. నీలం రంగు. డాబా మీద మిరపకాయలు ఎండబెట్టే జాగా పోయిందని దేవమ్మ గొణిగింది. నీ గాలికే గదనే అన్నాను.

మీటరు వెనక్కి తిరిగినట్టే ఉంది. మన ఇంట్లో మిగిలిన కరెంటు లైనులోకి పోతుందట, అంటే రావు ఏసీలకు. నవ్వొచ్చింది. ఇప్పుడు వాళ్లు నా కరెంటు తింటున్నారు.

రావు గోడ మీదినుంచి చూశాడు. చూడనీ.

ఏప్రిల్ 24

పోయింది. మిట్టమధ్యాహ్నం, డాబా మీద కాలు పెడితే కాలే ఎండలో, పలకలు తళతళ మెరుస్తుండగా. మిషన్ ఆగింది. డాబా ఎక్కి చూశాను, దిగాను, మళ్లీ ఎక్కాను. సోలార్ డబ్బా మీద ఎర్ర దీపం.

సిలిండర్ పెట్టాను. దేవమ్మ తన మొహానికి పెట్టిన గొట్టం సర్దుకుంటూ, సూర్యుడు గూడ మనింటికొచ్చేటాల్లకు బంద్ అయిండా అన్నది. ఊపిరి చాలక మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. అయినా అన్నది.

ఏప్రిల్ 27, ఆదివారం

నిషిత మీద అరిచాను. మోసం చేశారన్నాను. లైనులో కరెంటు లేకపోతే సోలార్ కూడా దానంతట అదే ఆగుతుందట. అట్లా ఆగేటట్టే చేస్తారట.

"ఎవలు చేసిండ్రు గా తెలివితక్కువ పని?"

"కరెంటు పోయినప్పుడు స్తంభం మీద మనిషి ఉంటడు తాతా. మన డాబా మీదినుంచి కరెంటు వైర్లకు పోతే వాడు సస్తడు. అందుకే ఆగుతది. బ్యాటరీ పెడితే ఇల్లు వేరైతది, ఇంట్లకే వస్తది. ఆ రోజు చెప్తనే ఉన్న."

చెప్పలేదు. చెప్పబోయింది, అంతే.

స్తంభం మీద మనిషి అంటే మా లైన్‌మన్ యాదన్న. వాడు ఎక్కినప్పుడు కింద ట్రాన్స్‌ఫార్మర్ హ్యాండిల్ దగ్గర నిలబడేది నేనే. హ్యాండిల్ కిందికి దించితే లైను చల్లబడుతుంది. అప్పుడు మోటారు ఆగిందని ఎవడో ఒకడు పొలం నుంచి ఉరికి వచ్చి, చూడకుండా హ్యాండిల్ ఎత్తుతాడు. అందుకే ఊళ్లల్లో ఒక మనిషి కావలి ఉండాలి. ఆ మనిషి, పైవాడు దిగేదాకా అక్కడినుంచి కదలడు. పిడుగు పడ్డా కదలడు. యాదన్న అందరిముందూ అంటాడు, పెంటయ్య కాకా నిలబడితే నేను కండ్లు మూసుకొని ఎక్కుత అని. నాకు లైను సంగతి ఒకరు చెప్పాలా.

బ్యాటరీ పెట్టిద్దాం అని పోతూపోతూ మళ్లీ అన్నది. పెట్టనన్నాను. ఒకసారి వద్దన్నాక వద్దే.

మే 1

జనరేటర్ తెచ్చాను. పటాన్‌చెరు మెకానిక్ దగ్గర. చిన్నది, పెట్రోల్‌ది. పాత పశువుల కొట్టంలో పెట్టాను. రెండు వైపులా పిన్నులున్న వైరు కూడా చేసి ఇచ్చాడు. ఒక పిన్ను జనరేటర్‌కు, ఇంకోటి వంటింటి ప్లగ్గుకు. ఇల్లంతా వెలుగుతుంది.

పద్ధతి ఒకటే. ముందు ఇంటి మెయిన్ స్విచ్ కిందికి దించాలి, తర్వాత పిన్ను పెట్టాలి, తర్వాత జనరేటర్ లాగాలి. మెయిన్ దించకపోతే కరెంటు ఇంట్లోంచి బయటికి, లైనులోకి పోతుంది. మెకానిక్ చెప్పాడు. చెప్పకున్నా తెలుసు.

దేవమ్మ మిషన్ నడిచింది. ఇగ పరేషాన్ లేదు.

మే 4, ఆదివారం

నిషిత ఆ వైరు చూసి మొహం తెల్లబోయింది. మార్చే స్విచ్ ఒకటి పెట్టకుండా జనరేటర్ వేయకూడదట. నేను మెయిన్ దించుతా గదా అన్నాను. మరిచిపోతే అన్నది.

మరిచిపోయే మనిషినా నేను? వాళ్ల నాయన పుట్టిన వారం చెప్పాను. ఏ మడికి ఏ రోజు నీళ్లు వదిలానో చెప్పాను. ఆ పిల్ల పోయేముందు దేవమ్మ చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందే అని దేవమ్మను అడిగితే, ముసలోన్ని జెర సూసుకోమన్నది అని చెప్పింది. ఎవరు ఎవరిని చూసుకోవాలి.

మే 6

మెయిన్ దించాను.

మే 7

మెయిన్ దించాను. పిన్ను పెట్టాను.

మే 9

రెండుసార్లు పోయింది. రెండుసార్లూ దించాను. ఇది రాసుకునే పని కాదు, ఊరికే రాస్తున్నాను.

మే 13

మెయిన్ దించాను. నువ్వు దించలే, నేను చెప్పినంక దించినవ్ అంటుంది దేవమ్మ. ఆమెకు మంచంలోంచి మెయిన్ బోర్డు కనబడుతుంది. ఊపిరి తక్కువైతే తలలోకి కూడా తక్కువ పోతుందని డాక్టరు చెప్పాడు. అందుకే అట్లా అంటుంది.

మే 15

జనరేటర్ లాగగానే మూలిగి ఆగిపోయింది. మళ్లీ లాగాను, మళ్లీ మూలిగింది. మెయిన్ దించకపోతే వీధి ఇండ్ల బరువంతా మీద పడి మూలుగుతుందని మెకానిక్ అన్న మాట వాస్తవమే గానీ ఇది అది కాదు. పెట్రోల్‌లో నీళ్లు కలిపారు. బంకు మార్చాలి.

మెయిన్ సంగతి ఏమీ లేదు. తర్వాత చూసినప్పుడు కిందికే ఉంది. నేనే దించినట్టున్నాను.

మే 18

నిషిత రాలేదు. ఆఫీసులో పనట. ఎండాకాలం దేశమంతా ఒక్కసారే ఫ్యాన్లు, కూలర్లు, ఏసీలు వేస్తుందట, అందరూ అక్కడే కూర్చోవాలట. ఫోన్ చేసి మార్చే స్విచ్ పెట్టించినవా తాతా అన్నది. పెట్టిస్తా అన్నాను.

మే 22

నిన్నటిది ఈరోజు రాస్తున్నాను. నిన్న రాయలేకపోయాను.

మొన్న సాయంత్రం ఈదురుగాలి. చింతకొమ్మ విరిగి తీగల మీద పడింది. మా ఇంటికి వచ్చే తీగ తెగింది. ఆ లైనులో మాదే చివరి ఇల్లు, పొలాల అంచున. తెల్లవారేదాకా సిలిండర్‌తో, ఆపి ఆపి పెట్టిన జనరేటర్‌తో గడిపాము. సిలిండర్ ముల్లు అడుగుకు వచ్చింది. పొద్దున కొడుకు, కోడలు షిఫ్టులకు పోయాక జనరేటర్ మళ్లీ వేశాను. ఈసారి మూలగలేదు. కమ్మగా నడిచింది. పెట్రోల్ మంచిది అనుకున్నాను.

యాదన్న వచ్చాడు. భుజాన తాడు, నిచ్చెన. కాకా, హ్యాండిల్ కాడ నిలబడు, నేను మీ ఇంటికాడ తీగ కలుపుత అన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ మా ఇంటికి దూరం, మధ్యలో దున్నిన చెలక. అక్కడిదాకా ఇద్దరం పోయాము. హ్యాండిల్ దించాడు. నా తువ్వాల దానికి కట్టాను, ఎప్పటిలాగే. వాడు చెలకకు అడ్డంపడి మా ఇంటి దిక్కు పోయాడు.

నిలబడ్డాను. బీడీ తీశాను. గాలి తిరిగింది. మా కొట్టం నుంచి జనరేటర్ చప్పుడు నా దాకా వచ్చింది.

మెయిన్ దించానా?

దించినట్టే ఉంది. చెయ్యికి గుర్తుంది, గట్టిగా ఉండే ఆ పిడి, కటుక్కున కిందికి పడటం. కానీ అది పొద్దుటిదా, మొన్నటిదా? రోజూ దించే చెయ్యికి ఏ రోజుదో ఎట్లా తెలుస్తుంది. మనసులో మళ్లీ ఇంట్లోకి పోయాను. దేవమ్మ దగ్గింది. ఉరికాను. పిన్ను పెట్టాను. తాడు లాగాను. మెయిన్ బోర్డు దగ్గరికి పోయింది మాత్రం కళ్లకు రావడం లేదు.

అప్పుడు తెలిసింది జనరేటర్ ఎందుకు మూలగలేదో. తీగ తెగింది. వీధి బరువు దాని మీద పడదు. మెయిన్ పైకి ఉన్నా అది కమ్మగానే నడుస్తుంది, ఆ తెగిన తీగ కొస దాకా.

యాదన్న నిచ్చెన స్తంభానికి ఆనిస్తున్నాడు.

అరిచాను. గాలి నా మాటను వెనక్కి కొట్టింది. వాడు తిరిగి చెయ్యి ఎత్తాడు, అంతా మంచిదే అన్నట్టు. నేను నిలబడ్డాను కాబట్టి మంచిదే అని. ఫోన్ దేవమ్మ దిండు పక్కన. హ్యాండిల్ వదలాలి. వదిలితే ఎవడో వచ్చి ఎత్తుతాడు. వదలకపోతే ఇంట్లోంచి పోయేది వాన్ని పట్టుకుంటుంది.

స్కూటర్ ఆగింది. రామలింగేశ్వరరావు.

ఎంతసేపు పడుతుందండీ, మా డీజిల్ అయిపోవస్తోంది అని ఏదో అంటున్నాడు. ఆయన చెయ్యి పట్టి హ్యాండిల్ మీద పెట్టాను.

"రావు సాబ్, ఇది ఇడువకు. ఎవడొచ్చినా ఎత్తనియ్యకు. మా ఇంట్ల మెయిన్ దించిన్నో లేదో నాకు యాది లేదు."

యాది లేదు అని నా నోటితో ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా. ఆయన నా మొహం చూశాడు. స్కూటర్ పడిపోయినా చూడలేదు. రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వెళ్ళండి. నేను కదలను."

చెలకకు అడ్డంగా ఉరికాను. నాగలి చాళ్లలో కాళ్లు మడతలు పడ్డాయి. ఒక చెప్పు ఎక్కడో పోయింది. యాదన్న నిచ్చెన మీద ఉన్నాడు, నడుముకు తాడు చుట్టుకుంటున్నాడు. అరవడానికి ఊపిరి లేదు. దేవమ్మకు రోజూ ఇట్లాగే ఉంటుందేమో. మట్టిపెడ్డ తీసి విసిరాను. వీపు మీద తగిలింది. తిట్టడానికి తిరిగాడు. నా మొహం చూసి తిట్టలేదు.

"దిగురా" అన్నాను. "దిగు."

దిగాడు. అడగకుండానే జేబులోంచి టెస్టర్ తీసి వేలాడే తీగ కొసకు ఆనించాడు. దీపం వెలిగింది. ఎర్రగా, చిన్నగా.

వాడు దాన్ని చూసి, టెస్టర్ జేబులో పెట్టుకున్నాడు.  

"హ్యాండిల్ కాడ ఎవలున్నరు?" అన్నాడు.

"రావు."

"సరె."

ఇంట్లోకి పోయాము. మెయిన్ పైకే ఉంది. వాడే దించాడు. ఫ్యూజులుండే కటౌట్లు ఊడపీకి జేబులో వేసుకున్నాడు. జనరేటర్ బంద్ చెయ్యి, అది నడుస్తుంటే నేను ఎక్క అన్నాడు. మెయిన్ దించినం గదా అనబోయాను. అనలేదు. ఇంతకుముందైతే నా మాటకు ఎక్కేవాడు.

బంద్ చేశాను. మిషన్ ఆగింది. సిలిండర్ పెట్టాను, ముల్లు సున్నా దగ్గర వణుకుతోంది. దేవమ్మ నా దిక్కు, యాదన్న దిక్కు చూసింది. బోర్డు దిక్కు చూసింది. అంతా ఎరుకైంది ఆమెకు. మెయిన్ మీదికే ఉన్నదని నేను చెప్పేటాల్లకు నువ్వు ఉరికినవ్ అన్నది.

హాస్టల్ వ్యాను వచ్చింది. రావు హ్యాండిల్ దగ్గరినుంచే భార్యకు ఫోన్ చేశాడట. వీరలక్ష్మిగారు తానే వచ్చి, రండి వదినగారూ, ప్లగ్గు రెడీగా ఉంది అన్నది. నేను మిషన్ మోశాను. హాస్టల్ భోజనాల గదిలో కూర్చోబెట్టి మిషన్ పెట్టారు. ఊపిరి అందింది. పెదవుల నీలం పోయింది. ఆడపిల్లలు చుట్టూ చేరారు. నానమ్మా, చాయ్ తాగుతావా అంటున్నారు.

దేవమ్మ నా దిక్కు చూసింది. "రావు సాబ్ పిలిచిండట గద, ఉగాదికి ముందే. గిప్పుడు చెప్తున్నరు వీళ్లు. మంచిగుంది గదయ్యా ఇక్కడ."

నేను లోపల కూర్చోలేదు. గేటు దగ్గర నిలబడ్డాను, ఒక కాలికి చెప్పుతో.

తీగ కలిపేదాకా రావు హ్యాండిల్ వదల్లేదట. ఎండలో చొక్కా అంతా తడిసింది. తువ్వాల విప్పి నాకు తెచ్చి ఇచ్చాడు. ఎవరికీ చెప్పనులెండి అన్నాడు. చెప్పుకో అన్నాను. అట్లా అనాల్సింది కాదు.

మే 23

యాదన్న ఇంటి ముందునుంచి బండి మీద పోయాడు. ఆగలేదు. పనిలో ఉన్నాడేమో.

మే 25, ఆదివారం

నిషిత వచ్చింది. దేవమ్మ చెప్పనే చెప్పింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రెండు పిన్నుల వైరును కత్తెరతో ముక్కలు చేసింది. ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకునే వచ్చింది. మెయిన్ పక్కన కొత్త స్విచ్ పెట్టించింది. ఒకటే పిడి. అటు తిప్పితే లైను, ఇటు తిప్పితే జనరేటర్. రెండూ కలిసే దారి లేదు. నా యాదితో దానికి పని లేదు.

బ్యాటరీ కూడా చెప్పింది. ఈ వారమే వస్తుందట. నేను వద్దనలేదు.

"నీ మీద నమ్మకం లేక కాదు తాతా."

"లేకనే."

"సరె, లేకనే." నా పక్కన గడప మీద కూర్చున్నది. "మా ఆఫీసుల గూడ గిదే. ఎంత పెద్ద ప్లాంటయినా ఒక రోజు పడిపోతదని అనుకొనే లెక్క కడతం. దాని తావుల ఇంకోటి రడీ పెడతం. బొగ్గుదైనా అంతే, ఎండదైనా అంతే. గదేం దానికి అవమానం కాదు."

నేను ప్లాంటును కాదు అన్నాను. నవ్వింది. కళ్లు తుడుచుకున్నది కూడా. దుమ్ము అన్నది.

మే 29

కరెంటు పోయింది. ఫ్యూజు. యాదన్న వచ్చాడు. హ్యాండిల్ దగ్గర రావు నిలబడ్డాడు.

నన్ను పిలవలేదు.

మే 30

బ్యాటరీ వచ్చింది. దేవమ్మకు చూపించాను. ఇది ఉబ్బదా అన్నది. ఉబ్బితే జనరేటర్ ఉంది, అది ఆగితే హాస్టల్ ఉంది అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

జూన్ 2

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కాగితం ఇంకా పోతూనే ఉందట. ఈ ఏడు ఎండ కరెంటు ఎంతో పెరిగిందని పేపర్లో రాశారు. పెరిగే ఉంటుంది. మా డాబా మీద కూడా పెరిగింది.

నిద్ర పట్టడం లేదు. టెస్టర్ దీపం కనబడుతుంది.

జూన్ 7

మధ్యాహ్నం పోయింది. మిషన్ ఆగలేదు. రెప్పపాటు కూడా ఆగలేదు. బ్యాటరీ మీద, డాబా మీది ఎండ మీద నడుస్తూనే ఉంది. దేవమ్మకు కరెంటు పోయిన సంగతే తెలియలేదు. నాకు చేయడానికి ఏమీ లేకపోయింది. ఊరికే మెయిన్ దించాను. కటౌట్లు ఊడపీకాను. తువ్వాలలో మూట కట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి నడిచాను.

యాదన్న తాడు సర్దుకుంటున్నాడు. నన్ను చూసి ఆగాడు. తువ్వాల విప్పి కటౌట్లు వాని చేతిలో పెట్టాను. వాటిని చూశాడు. తిప్పి చూశాడు. చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టాడు.

"హ్యాండిల్ కాడ రావు సారు ఉన్నడు కాకా."

"ఉండనీ."

తాడు భుజాన వేసుకున్నాడు. "నువ్వు గూడ నిలబడు" అన్నాడు.

రావు నన్ను చూసి కొంచెం జరిగాడు. ఏసీలు కొన్ని తీయించానండి అన్నాడు. ఎన్ని అని అడిగాను. ఆయన ఏదో చెప్పబోయాడు. మాటలు వద్దు, హ్యాండిల్ చూడండి అన్నాను.

హ్యాండిల్ రావు పట్టుకున్నాడు. నేను రావును చూస్తూ నిలబడ్డాను. యాదన్న స్తంభం ఎక్కాడు.